మిద్దె మీది నల్లమట్టి

లాల్‌గడి మలక్‌పేట్ దగ్గర ఇరవై నాలుగు కుటుంబాల కోసం నేను గీసిన భవనం అది. పడమటి ఎండ ఆపడానికి మట్టి జాలీలు, స్నానాల నీళ్లను ఇసుకలో వడకట్టి పైకి పంపే ఏర్పాటు, మిద్దె మీద అందరికీ కలిపి ఒక కూరగాయల తోట. ఆ తోట చూసే చాలామంది అక్కడ ఫ్లాటు తీసుకున్నారు.

తోటకు టిప్పర్ డ్రైవర్ ఒకతను నల్లటి, మెత్తటి మట్టి తెచ్చి పోశాడు. నలిపి చూసి బాగుందన్నాను. ఎక్కడిదని అడగలేదు.

తోట చూసుకునేది ఒక అవ్వ. ఆ స్థలం ఒకప్పుడు వాళ్ల చేనే. వాటాగా వచ్చిన ఫ్లాటులో ఉండేది. పాలకూర, గోంగూర ఏపుగా లేచాయి. కింది అంతస్తులో ఉండే గుంటూరు ఆవిడ, "మా చంటిది ఈ పాలకూర పప్పు తప్ప ఇంకేదీ ముట్టదండీ" అని మురిసిపోయేది.

నాలుగో నెలలో అవ్వ నన్ను పైకి పిలిచి పారతో మట్టి తిరగేసింది.

"ఏమన్న కనవడ్తాందా బిడ్డా?"

"ఏమీ లేదవ్వా."

"గదే. ఒక్క వానపాము లేదు. నేనే తెచ్చి ఇడిసిన, రెండుసార్లు. తెల్లారెటాలకు గోడ మీదికి పాకి సచ్చినయి."

"ఎవరికీ చెప్పలేదా?"

"కమిటీ సారుకు జెప్పిన. ఆకు గింత మంచిగుంటే నీకేం పరేషాన్ అన్నడు."

మట్టిని పరీక్షకు పంపాను. సీసం ఉండకూడనంత ఉందని వచ్చింది. వెంటనే ఫ్లాట్లవాళ్ల కమిటీకి ఫోన్ చేసి చెప్పాను.

మర్నాడు వెళ్లేసరికి కమిటీవాళ్లు మట్టి ఎత్తించేస్తున్నారు, మిద్దె సగానికి పైగా ఖాళీ. కింద అదే టిప్పర్, అదే డ్రైవర్.

"ఎక్కడ పోస్తున్నావు?"

"శామీర్‌పేట దిక్కు కొత్త వెంచర్లు మస్తుగున్నయి మేడం. తోటలకు గిసుంటి మట్టే అడుగుతున్నరు."

బండికి అడ్డం నిలబడి ఆ ఒక్క లోడు ఆపించాను. ముందు పోయినవి ఎక్కడ దింపాడో యాది లేదన్నాడు. అధికారులకు రాసిచ్చాను, చూస్తామన్నారు. పిల్లలందరికీ రక్తపరీక్షలు చేయించారు. చంటిదాని రక్తంలో సీసం ఉందని, మూడు నెలలకు మళ్లీ తీసుకురమ్మన్నారు డాక్టర్లు.

ఇప్పుడు ఆ దారిలో ప్రతి కొత్త వెంచర్ గేటు దగ్గరా ఆగి, మట్టి ఎవరు తెచ్చారని అడుగుతున్నాను. మొన్న ఒకచోట కాపలాదారు నా మాట పూర్తిగా వినకుండానే లోపలి తోటలోకి వెళ్లి, లేత తోటకూర కట్ట తెచ్చి నవ్వుతూ చేతిలో పెట్టాడు.