రంగు గుళ్ల ఆటకు రెఫరీ

పొద్దున మబ్బు పట్టినా చినుకు పడలేదు. చీనీ చెట్లకు నీళ్లు కట్టి వేములలో మా అక్క ఇంటికి వెళ్లాను. మేనకోడలు శిరీష యూనివర్సిటీలో పెయింట్‌బాల్ క్లబ్బు నడపాలనుకుంటోంది. తుపాకుల్లో రంగు గుళ్లు పెట్టి పేల్చుకునే ఆట అది. నడిపేవాళ్లు ప్రథమ చికిత్స, రెఫరీ పని నేర్చుకోవాలట. శిక్షణ రేపటి నుంచి కడపలో. పార్టీల గొడవల్లో తమ్ముణ్ణి పోగొట్టుకున్న బావ మాత్రం పంపనన్నాడు.

"ఆటలో పార్టీలెన్ని?" అని అడిగాడు.

"రెండు నాయనా."

"మనది యాది?"

"ఏదీ కాదు. నేను రెఫరీని. నడిమధ్యన ఉంటా."

"నడిమధ్యన ఉండేటోళ్లనే ముందు కొడతారు పాపా."

"ఈడ అట్ల కాదు. గుండు తగిలినోడు చెయ్యెత్తి బయటికి పోతాడు. చెయ్యెత్తినోన్ని ఎవరూ కొట్టకూడదు."

"కొడితే?"

"ఆటలోంచి తరిమేస్తా. దానికే గదా ఈ ట్రైనింగు!"

"చెయ్యెత్తితే ఇడిచిపెడతారంటే శానా మంచి ఆటనే. పోయి రా," అన్నాడు బావ.

ఈ శిక్షణ మా వైపు పెద్దవాళ్లకూ పెడితే బాగుండు. మీలో ఎవరెవరు చేరతారో చెప్పండి.

సాయంత్రం బస్సుకు శిరీష కడపకు వెళ్లింది. సంచి పట్టుకుని బావ బస్టాండు దాకా వెళ్లాడు.