సర్వేయరమ్మ కొన్న గ్రాఫిక్స్ కార్డు

గుద్దుకున్న కారు షెడ్డుకు వస్తే ఎవరైనా ముందు కారును చూస్తారు. సర్వేయరమ్మ ముందు యజమాని మొహం చూసి, ఆ తర్వాత కారు దగ్గరికి నడుస్తుంది. బీమా కంపెనీ తరఫున దెబ్బతిన్న బండ్లను పరిశీలించి, నష్టం ఎంతో, అది చెప్పిన ప్రమాదంలోనే జరిగిందో లేదో తేల్చడం ఆమె ఉద్యోగం. చేతిలో టార్చి, సంచిలో కొలత టేపు. మెకానిక్కులు చాటుగా ఆమెను భూతద్దం అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. చాటుగా అనే మాటలు వినడం కూడా ఆమె ఉద్యోగంలో భాగమే.

“కుక్క అడ్డమొచ్చిందండీ. బ్రేకేశాను, గోడకి కొట్టేసింది,” అంటాడు ఒకాయన.

“తర్వాత కుక్క వెనక తలుపు మీదికి ఎక్కిందా?”

“అది... పాత గీతండీ.”

“అయితే పాత గీత అనే రాస్తాను. ఇంకా పాతవేమైనా గుర్తొస్తున్నాయా?”

అనుమానం మనిషిని తినేస్తుందనీ, లోకం నమ్మకం మీద నడుస్తోందనీ చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లెవరూ సెకండ్ హ్యాండ్ కారు కొని ఉండరు. సర్వేయరమ్మకు అనుమానం జబ్బు కాదు, పనిముట్టు. దాన్ని వాడే పద్ధతి కూడా ఉంది. ఆమె నివేదికలో వాక్యాలు రెండే రకాలు: కళ్లతో చూసినవి, ఒకరు చెప్పగా విన్నవి. ముందు బంపరు పగిలింది, ఇది చూసినది. కుక్క అడ్డమొచ్చింది, ఇది విన్నది. ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపేసిన కొత్త ఉద్యోగి చేత భోజనం మాన్పించి మరీ తిరిగి రాయించిందని ఆఫీసులో చెప్పుకుంటారు. అది విన్నదే. అసలు జరిగింది, అతను తిన్నాకే రాయించింది.

పగలంతా విరిగిన కార్లు చూసే మనిషి సాయంత్రం ఇంటికొచ్చి కార్లు నడుపుతుంది. పడగ్గదిలో ఇస్త్రీ బల్లకూ కిటికీకీ మధ్య ఆమె కంప్యూటర్ ఉంది. బల్ల అంచుకు బిగించిన స్టీరింగు, కింద పెడళ్లు. ఆడేది ర్యాలీ ఆట: కొండదారుల్లో, మట్టిరోడ్ల మీద దారిలో వేరే కార్లు లేకుండా గడియారంతోనే పోటీపడుతూ కారు తోలడం. “విరిగినవి చూసి జీతం తెస్తుంది, విరగ్గొట్టడానికి కరెంటు బిల్లు కడుతుంది,” అంటాడు భర్త, వచ్చిన చుట్టాలందరితోనూ.

ర్యాలీ కారులో ఇద్దరుంటారు. ఒకరు నడుపుతారు. పక్క సీట్లోవారు రాబోయే మలుపులను ముందే చదివి చెబుతారు. మిట్ట అవతల ఏముందో డ్రైవరుకు కనబడదు. ‘ఎడమ, బిగువు’, అంటే ఎడమకు ఇరుకు మలుపు, అని చెవిలో పడితే ఆ మాట పట్టుకుని గుడ్డిగా దూకాల్సిందే. సర్వేయరమ్మ చెవిలో పడే ఆ గొంతు ఆమె తోడికోడలిది. ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఒకరు వండిన కూరలో ఇంకొకరు ఉప్పు చూసినవాళ్లు. మరిదికి వేరే ఊరు బదిలీ అయ్యాక ఆ స్నేహం హెడ్‌ఫోన్లలోకి మారింది. సర్వేయరమ్మ టార్చి వేయకుండా నమ్మే మాట లోకంలో ఏదైనా ఉందంటే, ఆ గొంతు చెప్పే మలుపు ఒక్కటే.

ఇలా ఉండగా ఆటకు కొత్త వెర్షను వచ్చింది. వాళ్లు ఆడే లీగు ఈసారి పోటీలన్నీ అందులోనే అని ప్రకటించింది. మొదటి పోటీకి రాని డ్రైవరుకు సీజను మొత్తం చోటుండదు. సర్వేయరమ్మ తన కంప్యూటర్లో కొత్త వెర్షను తెరిచి చూస్తే కొండ ముక్కలు ముక్కలుగా వచ్చింది. కారు దాటిపోయాక వెనకాల తీరిగ్గా రోడ్డు వచ్చింది. తెర మీద బొమ్మ గీసే పని గ్రాఫిక్స్ కార్డుది. ఆమె దగ్గరున్న కార్డుకు ఇక ఓపిక లేదు.

“అక్కా, నువ్వు రాకపోతే నన్ను ఇంకొకరి పక్కన కూర్చోబెడతారు,” అంది తోడికోడలు. “ఆ పళ్ల డాక్టరు అప్పుడే అడుగుతున్నాడు.”

“వాడు ప్రతి మలుపులోనూ చెట్టుకి కొడతాడు కదే!”

“అందుకేగా నన్ను అడుగుతున్నాడు.”

కాబట్టి కార్డు కొనాలి. పెట్రోలు అలవెన్సులో మిగుల్చుకున్న సొమ్ము ఆమె దగ్గరుంది. మంచి కొత్త కార్డుకు అది చాలదు. నాసిరకం కొత్త కార్డుకు అది దండగ. ఈ రెంటి మధ్యా నిలబడ్డ మనిషిని అమ్మేవాళ్లు వాసన పట్టేస్తారు.

కంప్యూటర్ షాపువాడు మెరిసే డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. “లేటెస్టు మేడమ్. కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.”

“తెరిచే తీసుకుంటాను. మెమరీ ఎంత?”

“సరిపోతుంది మేడమ్.”

“ఎంత అంటే సరిపోతుంది అంటారేంటి? నేను చీరకి ఫాల్ అడగలేదు.”

ఆట కోరే మెమరీలో అది సగమే. ఆ పక్కనున్న దాంట్లో మెమరీ ఉంది గానీ ధర ఆమెకు అందేది కాదు. దాని పొడవును సర్వేయరమ్మ టేపుతో కొలిచింది. “మేడమ్, అది కార్డు, కిటికీ కర్టెన్ కాదు,” అని నవ్వాడు షాపువాడు. “నా కంప్యూటర్ డబ్బాలో పట్టకపోతే రేకు మీరొచ్చి కోస్తారా?” అందామె. అతను నవ్వడం మానేశాడు. పట్టేది కాదు.

వాడిన కార్డు అమ్ముతానని ఆన్‌లైన్లో ప్రకటన ఇచ్చినతను షాపింగ్ కాంప్లెక్సు పార్కింగుకు రమ్మన్నాడు. కార్డును తువాల్లో చుట్టి తెచ్చాడు. “ఇంటికొస్తాను, నడుస్తుండగా చూపించండి,” అందామె. ఇంట్లో రంగులు వేయిస్తున్నామన్నాడు. “చొక్కాకి వాసన రావట్లేదే,” అంటే తువాలు మడిచి వెళ్లిపోయాడు. చోరీ సొత్తో, చచ్చిన కార్డో, నిజంగానే రంగులో, ఆమెకు తెలియదు. తెలియనిదాన్ని కొనే అలవాటు లేదు.

ఆ సాయంత్రం తోడికోడలు ఉన్నట్టుండి అంది: “మీ మరిది కార్డు ఉందిగా అక్కా! ఆయన ఆడటమే మానేశాడు. ఆదివారాలు తప్ప ముట్టుకున్నది లేదు. సగం ధరకి ఇచ్చేస్తాడు. నీ డబ్బాలో పడుతుంది, నేను కొలిచాను.”

ఆదివారాలు తప్ప బయటికి తీయలేదనే మాట సర్వేయరమ్మ ప్రతి షెడ్డులోనూ వినేదే. తీయని బండి అంత దూరం ఎలా తిరిగిందని అడిగి నవ్వుకునేదే. ఇంకెవరు అన్నా టార్చి వెలిగేది. ఈ గొంతుకు వెలగలేదు.

“సరే, పంపు,” అంది.

నీటి పంపులు అమ్మే కంపెనీలో పనిచేసే మరిది ఊళ్లో మీటింగుందని వస్తూ కార్డును బుడగల కవరులో చుట్టి తెచ్చాడు. అతను మొహం కడుక్కోవడానికి వెళ్లగానే సర్వేయరమ్మ దాన్ని కిటికీ వెలుగులో ఇస్త్రీ బల్ల మీద పరిచింది. అనుమానించి కాదు, చేతికొచ్చింది ఏదైనా వెలుగులో తిప్పి చూడటం అలవాటు.

కార్డు శుభ్రంగా ఉంది. ఆమెకు శుభ్రం మొదట్నుంచీ నచ్చదు. షెడ్డుకు కడిగించి తెచ్చిన కారును ఇంకో గంట ఎక్కువ చూస్తుంది. వేలితో ఫ్యాను తిప్పింది. అది సాఫీగా తిరగకుండా గరగరమంటూ ఊగింది. బాగా అరిగిన ఫ్యాను. తర్వాత మానిటరు వైరు గుచ్చే చోట టార్చి వేసింది. ఆ లోహం అంచులు పెళ్లికి కొన్న గిన్నెల్లా మెరుస్తున్నాయి. వైరు పెట్టి తీసిన చోట పడాల్సిన గీత ఒక్కటీ లేదు.

కొద్ది దూరమే తిరిగిందని మీటరు చెబుతుండగా బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయిన కారును ఆమె ఎన్నోసార్లు పట్టుకుంది. ఇదీ అదే కేసు. ఆటలాడిన కార్డుకు మానిటరు తగిలించి ఉండాలి. దీనికి తగిలించలేదు. అయినా ఇంతగా అరిగింది. అంటే ఇది తెర లేకుండా పనిచేసింది.

“ఏమయ్యా, దీనికి ఎప్పుడైనా మానిటరు తగిలించావా?”

మరిది తువాలు మొహానికి అడ్డం పెట్టుకునే ఆగిపోయాడు. “అప్పుడే పట్టేశావా వదినా?”

“నేనడిగింది అది కాదు.”

“తగిలించలేదు. క్రిప్టో మైనింగుకి, అదే ఆన్‌లైన్ నాణేలు సంపాదించడానికి పెట్టాను. రాత్రీ పగలూ లెక్కలు చేయించాను. నాలుగు రూపాయలొస్తాయని ఎవడో అంటే, కరెంటు బిల్లుకే సరిపోయింది. అందుకేగా సగం ధర! తనని నీకు చెప్పమన్నానే. చెప్పలేదా?”

సర్వేయరమ్మ టార్చి ఆర్పింది. గుమ్మంలోంచి భర్త తొంగిచూశాడు. “ఇంట్లోనూ సర్వే మొదలైందా? ఒరేయ్, వాంగ్మూలం మీద సంతకం పెట్టందే కాఫీ ఇవ్వదురా ఈవిడ.”

నవ్వింది అతనొక్కడే. సర్వేయరమ్మ ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది.

“ఏమే, కార్డు అందింది.”

“బావుందా అక్కా?”

“ఆదివారాలన్నావు. ఏ ఆదివారాలు?”

అవతల కుక్కరు కూత వినబడింది. తర్వాత స్టవ్ కట్టేసిన చప్పుడు.

“చెప్తే నువ్వు తీసుకోవు అక్కా. టార్చేసుకుని ఊరంతా తిరుగుతావు. ఈలోపు మొదటి పోటీ అయిపోతుంది. నేను పళ్ల డాక్టరు పక్కన కూర్చుని చెట్లు లెక్కపెట్టుకోవాలి.”

“చెప్పి చూడాల్సింది.”

“చెప్తే తీసుకునేదానివా? నిజం చెప్పు.”

“తీసుకునేదాన్ని కాదు.”

“మరి!”

“మరేంటే మరి? వద్దనుకోవడం నా హక్కు. అది నువ్వు నాకివ్వలేదు.”

ప్రేమతో చెప్పిన అబద్ధం అబద్ధం కాదని మెత్తగా సర్దిచెప్పేవాళ్లు ఇలాంటి చోటే దిగబడతారు. తోడికోడలికి కావలసింది ఆటలో తన చోటు, పక్కన తన మనిషి. అందుకోసం అరిగిన కార్డును ఆదివారపు కార్డుగా అమ్మబోయింది. కారణం ఎంత తియ్యనిదైనా షెడ్డులో ఆ పనికి ఒక పేరుంది.

సర్వేయరమ్మ కార్డును తన కంప్యూటర్లో బిగించి మధ్యాహ్నమంతా పరుగెత్తించింది. వెనక వచ్చే వేడిగాలికి అరచెయ్యి అడ్డం పెట్టి, చప్పుడు వింటూ కూర్చుంది. కార్డు నిలబడింది. “ఫ్యాన్లు మార్పించాలి. ఆ ఖర్చు నీది,” అని మరిదితో చెప్పింది. “నాదే వదినా,” అన్నాడతను, తప్పించుకున్నానన్న సంతోషంతో. ఏం అరిగిందో తెలిశాక ఆ ధరకు అంతకన్నా మంచి కార్డు ఊళ్లో లేదు. కాబట్టి తీసుకుంది. కార్డుతో ఆమెకు పేచీ లేదు.

పేచీ చెవిలో ఉన్న గొంతుతో. ఒక మాట తప్పని తేలాక ఆ నోటి నుంచి వచ్చిన మిగతా మాటలన్నీ మళ్లీ తిరగేయడం ఆమె వృత్తి. పోటీ రోజు హెడ్‌ఫోను పెట్టుకోగానే అడిగింది.

“నువ్వు చెప్పే మలుపులన్నీ నువ్వు తిరిగి చూసినవేనా?”

“అదేం ప్రశ్న అక్కా?”

“దారులు కొత్తవి. అన్నీ చూశావా?”

“సగం చూశా. మిగతావి గ్రూపులో ఎవరో పెట్టినవి. నాకు ఉద్యోగం లేదా, ఇల్లు లేదా? అన్నీ ఎక్కడ తిరగను? ఎప్పుడూ అంతేగా.”

“ఎప్పుడూనా?”

“ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా!”

లైసెన్సు లేకుండా నడిపినవాళ్లు అనే మాట కూడా అదే. సర్వేయరమ్మ స్టీరింగు మీద చేతులు పెట్టింది. ఎన్ని మిట్టల మీంచి ఎవరి మాట పట్టుకుని దూకిందో ఇప్పుడు లెక్క తేలదు.

“ఇవాళ్టి నుంచి ప్రతి మలుపుకీ ముందు ఒక్క మాట చెప్పు. చూశా, లేకపోతే విన్నా.”

“పోటీలో అంత టైముంటుందా? నీ పక్కన కూర్చుంటే కోర్టులో ఉన్నట్టుంది.”

“డాక్టరు పక్కన ఆసుపత్రిలో ఉన్నట్టుంటుంది. ఎక్కడుంటావో నీ ఇష్టం.”

గడియారం మొదలైంది. ఈ కార్డు మీద కొండ ముక్కలు కాకుండా కొండలాగే వచ్చింది. కంకర రాళ్లు విడివిడిగా కనబడ్డాయి. కొత్త ఫ్యాన్ల చప్పుడు కూడా లేదు.

“చూశా. కుడి, వదులు.”

“చూశా. ఎడమ, బిగువు, లోపలికి కోయొద్దు.”

“విన్నా.” గొంతు కాస్త తగ్గింది. “మిట్ట. నేరుగా. బ్రేకొద్దు.”

సర్వేయరమ్మ బ్రేకేసింది. మిట్ట అవతల రోడ్డు నేరుగా లేదు. ఎడమకు తిరిగి దుంగల గుట్ట పక్కనుంచి జారిపోయింది. కారు అడ్డంగా జారి, వెనక తలుపు గీరుకుని, రోడ్డు మీదే నిలబడింది.

“అమ్మో!” అంది తోడికోడలు.

“అమ్మో తర్వాత. తర్వాతి మలుపు.”

“చూశా. కుడి.”

జాబితాలో మధ్యలో ఎక్కడో తేలారు. చోటు దక్కింది. పళ్ల డాక్టరు ఆ గుట్ట దగ్గరే ఆగిపోయాడని కబురొచ్చింది. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు.

“నువ్వు నన్ను నమ్మకపోవడమే మంచిదైంది అక్కా.”

“నమ్మాను. విన్నా అన్నావుగా. అది నమ్మే బ్రేకేశాను.”

రెండో పోటీకి తోడికోడలు దారులు చాలావరకు తిరిగొచ్చింది. దాదాపు ప్రతి మలుపుకీ చూశా అనే మాట కాస్త గర్వంగానే వినబడింది. చివర్లో మళ్లీ ఒక మిట్ట వచ్చింది.

“చూశా అక్కా. నేరుగా. బ్రేకొద్దు.”

సర్వేయరమ్మ కుడికాలుతో యాక్సిలరేటరు నేలకు తొక్కిపెట్టింది. కారు గాల్లోకి లేచింది. ఎడమకాలు మాత్రం బ్రేకు మీద ఆనీ ఆనకుండా అలాగే ఉంది.