రెండు వెదురు పొరల మధ్య

భీమిలి ఒడ్డున ఫైబర్ పడవలకు మాసికలు వేసే వీర్రాజు విల్లులు కూడా చేస్తాడు. వెదురును వేలితో మీటి, అది ఎన్ని వానలు తాగిందో చెబుతాడంటారు. అందుకే నాటు విల్లు పోటీల్లో తనిఖీకి అతన్నే పిలుస్తారు. అక్కడి నియమం ఒక్కటే: విల్లులో వెదురూ, వడ్రంగి బంకా తప్ప మరొకటి ఉండకూడదు.

నిరుడు, ఉప్పుగాలికి విల్లులన్నీ మెత్తబడిపోతుంటే, వీర్రాజు రెండు వెదురు బద్దల మధ్య పడవలకు వాడే గాజు పోగుల ఫైబర్ గుడ్డ పరిచి అతికించాడు. పైకి వెదురే. బాణం మాత్రం పొద్దుగూకితే గూటికి పోయే పిట్టలా సూటిగా పోయింది. ఆ విల్లును, మూడేళ్లుగా సీతమ్మధార నుంచి బస్సెక్కి వచ్చి తన దగ్గర విలువిద్య నేర్చుకుంటున్న ధనశ్రీకి ఇచ్చాడు.

"అచ్చంగా వెదురేనమ్మా," అన్నాడు.

ఈ ఏడు పోటీలో ధనశ్రీ గెలిచింది. రాష్ట్ర జట్టులో ఆమె పేరు రాయబోతుంటే, రెండో స్థానంలో ఆగిన కుర్రాడి గురువు నీలకంఠం లేచి, ఆ విల్లు గీకి చూడాలన్నాడు.

వీర్రాజు కత్తి తీసి కొసన కొంచెం గీకాడు. లేత పసుపు పొట్టు గాలికి లేచింది.

"వెదురే," అన్నాడు.

"తోక సూసి గుర్రం పళ్లు సెప్తావేటి బావా? నడుమ గీకు."

అందరూ నవ్వారు. ఇక తప్పలేదు. నడుమన నాలుగోసారి గీకేసరికి గాజు పోగులు ఎండలో తెల్లగా మెరిశాయి, ముల్లు తేలిన చేపలా.

"నీ సేతి పనే కదేటి బావా?"

వీర్రాజు సముద్రం వైపు చూశాడు. నలభై ఊళ్లు నమ్మిన వేళ్లు అతనివి.

"నానిచ్చింది వెదురు. తరవాత ఈ పిల్ల ఎవరిసేత ఏటెట్టించీసిందో నాకేటి తెలుసు?"

"మాస్టారూ! నూనె రాయాలన్నా మిమ్మల్నే అడిగేదాన్ని కదా!"

"దొరికిపోయి పెద్దోళ్ల మీదకి తోసేత్తావేటి?"

ధనశ్రీ పేరు కొట్టేశారు. రెండేళ్లు ఏ పోటీకీ రాకూడదన్నారు. తప్పుడు విల్లును అందరి ముందూ కోసెయ్యడం అక్కడి ఆనవాయితీ. వీర్రాజే రంపం పట్టాడు. విల్లు బల్ల మీద ఎగిరెగిరి పడుతోంది. కోత పడటం లేదు.

"ఆ కొస పట్టుకో," అన్నాడు తలెత్తకుండా.

మూడేళ్లుగా ఆ గొంతు ఏది చెబితే అది చేసిన పిల్ల. ముందుకొచ్చి రెండు చేతులతో పట్టుకుంది.

"కదపకు," అన్నాడు.

ఆమె కదపలేదు.