మా కారు ఇంజన్ నంబరు

డెబ్బైల చివర్లో మేం నందిగామలో ఉండేవాళ్ళం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన బాడుగకి తిప్పుదామని జగ్గయ్యపేటలో ఒక మిరపకాయల వ్యాపారి దగ్గర పాత అంబాసిడర్ కొన్నారు. అప్పటికి కారు గురించి నాకు తెలిసింది ఎక్కి కూర్చోవడమే.

ఎండలు ముదిరేసరికి ఇంజన్ వేడెక్కి ఆగిపోవడం మొదలెట్టింది. షెడ్డు మేస్త్రీ విప్పి చూసి, ఇంజన్‌కీ దాని పైమూతకీ మధ్య వేసే హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నాడు. మా ఆయన బెజవాడ వెళ్ళి కొత్తది తెచ్చారు. బోల్టుల దగ్గర రంధ్రాలు కలవలేదు. మార్చి ఇంకోటి తెచ్చారు. అదీ అంతే.

"బండి జాతకమే బాలేదండీ," అన్నాడు మేస్త్రీ.

"జాతకం సంగతి తర్వాత. కొట్లో ఏమని అడిగారు?" అన్నా, మా ఆయన్ని.

"ఆర్సీ పుస్తకం చూపించా. అందులో ఉన్న మోడల్‌దే ఇచ్చారు."

"మరి ఇంజన్ మీద ఏం రాసుందో చూశారా?"

ఇద్దరూ చూడలేదు. ఆదివారం చర్చి నుంచి రాగానే పాత చీర కట్టుకుని షెడ్డుకెళ్ళా. కిరసనాయిల్లో గుడ్డ ముంచి ఇంజన్ పక్కలన్నీ తుడుస్తూ పోతే, జిడ్డు కింద చిన్న రేకు కనపడింది. సంచిలో ఉన్న సుద్దముక్కతో రుద్ది పైపైన తుడిచా. గుంటల్లో తెలుపు నిలిచి అక్షరాలూ అంకెలూ తేలాయి. ఆర్సీలో ఉన్న నంబరు అది కాదు.

మా ఆయన ఆర్సీ మళ్ళీ తిరగేశారు. "దొంగబండి కొన్నామంటావా?"

"దొంగైతే ముందు ఈ రేకు పీకేసేవాడు. ఆర్సీలో చాసిస్ నంబరని ఇంకోటుంది, బండి చట్రం మీద అదీ చూద్దాం పట్టండి."

అది మాత్రం సరిగ్గా కలిసింది. "కారు ఆర్సీలో ఉన్నదే. ఇంజనే వేరేదాన్నించి వచ్చింది," అన్నా.

మర్నాడు బడి వదలగానే ఇద్దరం బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళాం. వ్యాపారి దాచలేదు.

"అవునమ్మా, పాతది పట్టేసింది. ఇంకో బండి ఇంజన్ కొని వేయించా. నేనేం అబద్ధం చెప్పలేదుగా!"

"నిజమూ చెప్పలేదు కదండీ."

ఆయన నవ్వేసి, బీరువాలోంచి ఆ ఇంజన్ కొన్న బిల్లు తీసిచ్చారు. బిల్లు మీదా, రేకు మీదా నంబరు ఒకటే. మా ఆయన అక్కడే కుర్చీలో జారగిలబడి మంచినీళ్ళడిగారు.

బెజవాడ కొట్టాయన ఈసారి నంబరు చూసి, ముందున్న అక్షరాలు ఇంజన్ రకం చెప్తాయనీ, వెనకున్న అంకెలు ఆ ఒక్క ఇంజన్‌కే సొంతమనీ వివరించి, లోపల్నించి వేరే గ్యాస్కెట్ తెచ్చాడు. అది అతికినట్టు కూర్చుంది.

తర్వాత కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకోడానికి రవాణా ఆఫీసుకెళ్ళాం. ఇన్‌స్పెక్టరుగారు బానెట్ ఎత్తించి, "నంబరెక్కడండీ?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన చొక్కా చేతులు పైకి మడిచి ముందుకు వంగారు.

"ఇటు రండి సార్, చూపిస్తా," అన్నారు, ఆ ఇంజన్ తనే తయారుచేసినట్టు.