పెన్సిల్‌తో రాసిన పేర్లు

సూపర్‌మార్కెట్ వెనక గదిలో గోడకున్న డ్యూటీ చార్టు ముందు షిఫ్టు మేనేజరు ప్రతి శనివారం పొద్దున్నే నిలబడతాడు. చెవి మీద పెన్సిల్, చొక్కా జేబులో పెన్ను. పార్ట్‌టైమ్ వాళ్ల పేర్లు పెన్నుతో రాస్తాడు. వాళ్లకు రోజులూ గంటలూ ఖాయం, జబ్బు చేస్తే సెలవు. క్యాజువల్ వాళ్ల పేర్లు పెన్సిల్‌తో రాస్తాడు; వాళ్లు ఫోను వస్తేనే రావాలి, రాకపోతే ఇంట్లో కూర్చోవాలి. ఎవరైనా తొంగిచూస్తే భుజం అడ్డం పెడతాడు. అందరినీ "మన పిల్లలు" అంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా పాతవాళ్లు జాగ్రత్త పడతారు.

మొన్న బిల్లింగ్‌లో చేరిన అమ్మాయికి ఇదే మొదటి ఉద్యోగం. పార్ట్‌టైమ్ అని అతను చెప్పిన మాట నమ్మి, ఆమె సాయంత్రం నర్సింగ్ క్లాసులో చేరింది. తీరా చార్టులో తన పేరు పెన్సిల్‌తో ఉంది.

"ఇదేంటి సార్, నాది చెరిపితే పోయేట్టుంది?"

"పెన్నులో ఇంకు అయిపోయిందమ్మా."

ఆమె అతని జేబు వంక ఒకసారి చూసి, సంచిలోంచి తన పెన్ను తీసిచ్చింది. "ఇది కొత్తదే సార్."

అతను అరచేతి మీద గీసి చూసుకున్నాడు. "గట్టిదానివే తల్లీ!" అని నవ్వి, ఆమె పేరును గుండ్రంగా, ఒత్తి దిద్దాడు. పక్కనున్న గంటల గడులు మాత్రం ఖాళీగా వదిలేశాడు.

"మరి ఏయే రోజులు?"

"ఫోన్ చేస్తాలే. పేరు పక్కాగా ఉందిగా!"

మంగళవారం క్లాసులో ఆమె హాజరు పలుకుతుండగా ఫోను వచ్చింది.

"అరగంటలో రాగలవా తల్లీ? కుదరదంటే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటా."