నిన్నటి మేకులు

వంతెన దూలాల మీద కాంక్రీటు జారిపోకుండా పట్టి ఉంచే లావుపాటి మేకుల్ని వెల్డింగ్ చేయడమే, స్వీడన్‌లో ఆల్గొట్‌కి ముప్పయ్యేళ్ల బతుకు. రోజూ మొదట అతికిన రెండు మేకుల్ని సుత్తితో కొట్టి వంచాలి. ఊడకుండా వంగితేనే పని మొదలు.

ఆ రోజు, అతికేటప్పుడు మేకు చుట్టూ పెట్టే పింగాణీ రింగులు వానకి తడిశాయి. ఒక్క దెబ్బకే మేకు ఊడొచ్చింది.

"రింగులు ఆరాలి స్టెల్లాన్. ఇవాళ నావల్ల కాదు."

"రేపు కాంక్రీటు లారీలొస్తున్నాయి. నిన్నటివి వంచి చూపించెయ్, ముసలోడా! పూడిపోయాక ఎవడు చూడొచ్చాడు?" అని కసిరాడు మేస్త్రీ.

ఆల్గొట్ నిన్నటివి రెండు వంచాడు. ఎంత చక్కగా వంగాయో, దొంగముండలు! తనిఖీ కాగితం మీద ఇవాళ్టి తేదీ వేసి సంతకం గీకాడు. సాయంత్రం దాకా తడి రింగులతోనే పనిచేశాడు.

పదకొండేళ్లయింది. వంతెన నిక్షేపంగా ఉంది. స్టెల్లాన్ పెద్ద ఆఫీసరయ్యాడు. ఆల్గొట్ మాత్రం నలభై కిలోమీటర్లు చుట్టు తిరిగి అవతలి ఒడ్డుకి పోతాడు.

"నాన్నకి చాదస్తం" అని నవ్వి, కూతురు టీరా పిల్లల్ని కారెక్కించుకుని ఆ వంతెన మీదుగానే ఇంటికెళుతుంది. కారు అవతలి ఒడ్డు చేరేదాకా ఆల్గొట్ కిటికీ దగ్గర్నించి కదలడు. ఆమెకి నిజం చెప్పొచ్చు. చెబితే, సంతకం ఎవరిదని అడుగుతుంది.