ఆయన సిలువ మీద నుంచి ఎందుకు దిగలేదు

ఆ ఆదివారం ఆరాధన చివర మోకరించి ప్రార్థన చేశాను. ఆమేన్ అన్నాక లేవబోతే కాళ్లు సహకరించలేదు. ఏర్పేడు దగ్గర మాది చిన్న సంఘం. నేను పాస్టర్‌ని. అయ్యగారు ఇంకా ప్రార్థిస్తున్నారనుకుని అందరూ తలలు వంచుకునే ఉన్నారు. నా భార్య సుగుణ ఒక్కతే కళ్లు తెరిచి చూసి, దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"ఏమయ్యా, ఏమైనాది?"

"కాళ్లు నావి గానట్టుండాయి," అన్నాను.

అంతకు ముందు వారం విరేచనాలై తగ్గాయి. పాదాల్లో చీమలు పాకినట్టుంటే నీరసమనుకున్నాం. ఆ సాయంత్రానికి చేతిలో గ్లాసు కూడా నిలవలేదు. తిరుపతిలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. నరాల పనితీరు చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు, వెన్నులోంచి నీరు తీశారు. "గిలియన్ బారే సిండ్రోమ్. మీ ఇమ్యూనిటీనే మీ నరాలను దెబ్బతీస్తోంది. ఊపిరి కండరాల దాకా పాకితే వెంటిలేటర్ పెట్టాలి," అన్నారు డాక్టరమ్మ. ఐవీఐజీ అనే మందు నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. అది పనిచేసే లోపే ఊపిరి అందక, నోట్లోంచి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు.

ఆ తర్వాత నాలో కదిలేవి కనురెప్పలే. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. వీపు మండుతున్నా, ముక్కు మీద దురద పెట్టినా చెప్పలేను. అన్నిటికంటే దాహం. ఏటా గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద యేసు పలికిన మాటల గురించి ప్రసంగించేవాణ్ణి. దాహమన్న మాట దగ్గరికి రాగానే, అది ఆత్మల కోసం దాహమని వివరించేవాణ్ణి. నోట్లో గొట్టంతో పడుకున్నాక తెలిసింది, అది ముందు నీళ్ల కోసం దాహం.

సిలువ ఎందుకు అవసరమైందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. పాపానికి శిక్ష తప్పదు, మన శిక్ష ఆయన మోశాడు. ఆ మాట ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ మంచం మీద అది నాకు ఆసరా కాలేదు. ఆయనే మోసేసి ఉంటే, మరి నా మీద పడిందేమిటి?

బంగారుపాళ్యం నుంచి నా తోటి పాస్టర్ ఒకాయన వచ్చాడు. నా తల మీద చెయ్యి పెట్టి, "యేసు నామంలో లేచి నడువు!" అని గట్టిగా అన్నాడు. నేను లేవలేదు. సుగుణ వైపు తిరిగాడు.

"విశ్వాసం యాడో తగ్గిపోయినాదమ్మా. ల్యాకుంటే ఈపాటికి లేసుండాల."

నేను వినడం లేదనుకున్నాడు. నా కళ్ల పక్కన నీళ్లు కారాయి. సుగుణ కొంగుతో తుడిచి ఆయన వైపు తిరిగింది.

"అన్నా, యేసయ్యను గూడా సిలువ మీంచి దిగి రమ్మనే గదా అందరూ ఎగతాళి చేసినారు. ఆయన దిగలేదే. ఆయనకు గూడా విశ్వాసం తగ్గినాదంటావా?"

ఆ పాస్టర్ వెళ్లిపోయాడు. సుగుణ మంచం అంచు పట్టుకుని ఏడ్చింది. నేను ఆ ప్రశ్ననే పట్టుకుని ఉండిపోయాను. దిగగలిగినవాడు ఎందుకు దిగలేదు? దిగి ఉంటే చూసినవాళ్లు చప్పట్లు కొట్టేవారు. కానీ దిగలేని నాలాంటివాడి పక్కన ఎవరూ మిగిలేవారు కాదు. దేవుడు రాని చోటు ఒక్కటి కూడా ఉండకూడదంటే, ఆయన అక్కడే చివరిదాకా ఉండాల్సి వచ్చింది. నాకు అర్థమైన అవసరం అదే.

ఆ ఆలోచనతో ప్రశాంతత వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. వెంటనే నిమోనియా పట్టుకుంది. బీపీ పడిపోయింది. గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టారు, ట్రకియాస్టమీ అంటారు. "ఛాన్సెస్ తక్కువే," అని ఇద్దరు డ్యూటీ డాక్టర్లు నా మంచం దగ్గరే మాట్లాడుకున్నారు. ఈ ప్రాణం తీసుకెళ్లిపొమ్మని రోజూ దేవుణ్ణి వేడుకున్నాను. స్తుతి ఒక్కటీ రాలేదు. నన్నెందుకు వదిలేశావని సిలువ మీద యేసు వేసిన కేకే నా ప్రార్థన. అంతకు మించి నాకు చేతకాలేదు. దేవుడి నుంచి జవాబేమీ వినబడలేదు. ఆయనకూ అప్పుడు వినబడలేదు.

చాలా వారాలకు కుడి భుజం కొద్దిగా కదిలింది. ఫిజియోథెరపిస్ట్ కంటే ముందు సుగుణ చూసి, "కదిలిచ్చినాడు, సూడండి!" అని వార్డంతా వినిపించేలా అరిచింది. గొట్టం తీశాక నా మొదటి మాట దేవుడి పేరు కాదు. నీళ్లు.

ఇప్పుడు వాకర్‌తో నడుస్తాను. కుర్చీలో కూర్చుని వాక్యం చెబుతాను. చొక్కా గుండీలు సుగుణే పెడుతుంది. పూర్తిగా బాగవుతానో లేదో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోతున్నారు. కొన్ని రోజులు నిరాశ మళ్లీ వచ్చి మీద కూర్చుంటుంది. ఈసారి గుడ్ ఫ్రైడేకి తక్కువే మాట్లాడాను. ఆయన దిగలేదు, అందుకే మనం ఒంటరివాళ్లం కాము అని మాత్రం చెప్పాను.

ఇలాంటి రోగి దగ్గర ఉండేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. కదలని మనిషికి వినపడదనుకోకండి. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు రెప్ప వెయ్యమని మొదటి రోజే చెప్పండి. తర్వాత నొప్పి ఎక్కడుందో ఒక్కొక్కటిగా అడగండి. ఏమీ చెయ్యలేకపోయినా అడగండి.